ఇరవై బై ముప్పై అడుగుల గ్యారేజీ షెడ్డు: గాలికి ఆగేలా కట్టుకోవడం

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసుకునేవాళ్లు ముందు బరువు లెక్క చూస్తారు. రేకు ఎంత, ట్రస్సు (కప్పుని మోసే ముక్కోణపు ఇనుప చట్రం) ఎంత, స్తంభం మోస్తుందా అని. బరువుకి కూలిన షెడ్డు అరుదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి గాలి వచ్చినప్పుడు కప్పు మీద పని చేసేది పైకి లాగే బలం. గాలి లెక్కల ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖపట్నానికీ భువనేశ్వర్‌కీ రాసిన వేగం సెకనుకు 50 మీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల వత్తిడి పుడుతుంది. ఇరవై బై ముప్పై షెడ్డుకి రెండు వాలులూ చూరుతో కలిపి 768 చదరపు అడుగులు, అంటే 71 చదరపు మీటర్లు. పైకి లాగే బలం పది టన్నుల దాకా తేలుతుంది. రేకులు, పర్లిన్లు (రేకుల కింద ట్రస్సు నుంచి ట్రస్సుకి వేసే ఇనుప కడ్డీలు), ట్రస్సులు అన్నీ కలిపి తూచినా టన్ను పైన కొంచెమే. మిగతా తొమ్మిది టన్నులనీ బోల్టులు పట్టుకోవాలి, వాటిని పునాది పట్టుకోవాలి. కింద చెప్పే ప్రతి కొలతా ఈ లెక్క లోంచి వచ్చిందే.

కొలతలు ఇవి. స్తంభాల మధ్య గీతల నుంచి వెడల్పు 20 అడుగులు, పొడవు 30. పదేసి అడుగులకి ఒక ఫ్రేము (రెండు స్తంభాలు, వాటి మీద ఒక ట్రస్సు), మొత్తం నాలుగు ఫ్రేములు, ఎనిమిది స్తంభాలు. స్తంభం ఎత్తు 13 అడుగులు, నడికొప్పు ఎత్తు ఆ పైన నాలుగున్నర. ఒక మినీ ట్రక్కు, దాని వెనక వెల్డింగ్ టేబుల్, కంప్రెసర్, పనిబల్ల హాయిగా పడతాయి. ఈ లెక్క చదునైన నేలకి. కొండ వాలు మీదో, లోయ నోట్లోనో కడితే గాలి ఇంకా పెరుగుతుంది. ఎక్కడ కట్టినా డ్రాయింగు ఒకసారి స్ట్రక్చరల్ ఇంజినీరుకి చూపించాకే గొయ్యి తవ్వండి.

కాగితాలు, కాలం

పట్టాలో భూమి కిసం (రకం) ఘరబారి, అంటే ఇంటి స్థలం, అని ఉందో లేదో ముందు చూసుకోండి. సాగు భూమి అయితే ఓఎల్ఆర్ (ఒడిశా భూసంస్కరణల) చట్టం 8-ఎ కింద మార్పించుకోవాలి. ఇసుక, కంకర తెచ్చే బండికి వై ఫారం (రవాణా పాసు) ఉండాలి. లేకపోతే దారిలో ఆపితే లోడు అక్కడే ఉండిపోతుంది. ఇనుము టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో కొంటే సరుకు విలువ 50 వేలు దాటగానే ఈ-వే బిల్లు కావాలి. కొట్టువాడినే తీసిమ్మనండి. వాడికి అది రోజూ పనే.

పని సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి మార్చి ఆఖరుకల్లా రేకు బిగించెయ్యాలి. ఏప్రిల్ నుంచి సాయంత్రాలు కాలవైశాఖి గాలులు లేస్తాయి. సగం రేకు వేసి వదిలిన కప్పు కింద గాలి దూరితే పూర్తయిన కప్పు కన్నా తొందరగా లేస్తుంది. రేకు మొదలుపెట్టిన వారంలో ముగించలేమనుకుంటే మొదలుపెట్టకపోవడమే మంచిది.

గుర్తులు, గోతులు

నాలుగు మూలలా మేకులు దింపి దారం కట్టాక కర్ణం కొలవండి. ఇరవై ముప్పైకి కర్ణం 36 అడుగుల మీద అర అంగుళం దాటి కొద్దిగా. రెండు కర్ణాలూ సమానంగా రావాలి. మూలమట్టం పెట్టి సరిపోయిందనుకుంటే ముప్పై అడుగుల చివర రెండు మూడు అంగుళాలు తప్పడం మామూలే. ఆ తప్పు రేకు వేసే రోజు వరకూ బయటపడదు. ఆ రోజు మాత్రం ప్రతి రేకూ కత్తెర అడుగుతుంది.

గొయ్యి 3 బై 3 అడుగులు, లోతు నాలుగున్నర. అడుగున నాలుగంగుళాల బెడ్డు, సిమెంటు, ఇసుక, కంకర 1:4:8 పాళ్లలో. దాని మీద అడుగు మందం ఫుటింగు. అందులో 10 మి.మీ. కడ్డీ రెండు వైపులా ఆరేసి, ఆరంగుళాలకి ఒకటి. ఫుటింగు మీంచి 15 బై 15 అంగుళాల పెడెస్టల్ (ఇనుప స్తంభం కూర్చునే కాంక్రీటు దిమ్మ), నేల మట్టానికి అడుగు పైకి. దానికి నాలుగు 12 మి.మీ. కడ్డీలు, ఆరేసి అంగుళాలకి 8 మి.మీ. రింగులు. పెడెస్టల్‌ని 12 అంగుళాలకి తగ్గిద్దామని మేస్త్రి అంటాడు. అప్పుడు మూల కడ్డీలూ, స్తంభాన్ని పట్టి ఉంచే యాంకర్ బోల్టులూ ఒకదాని మీద ఒకటి వచ్చి, బోల్టు పక్కకి జరిపి పొయ్యాల్సి వస్తుంది.

ఒక్కో గోతిలో కాంక్రీటు టన్ను పైన. ఆ ఫుటింగు మీద కూర్చునే మట్టి ఇంకో టన్ను. గాలికి మధ్య స్తంభం ఒక్కోటీ టన్నున్నర దాకా లాగుతుంది కాబట్టి ఆ మట్టి లెక్కలోదే. గోతిని పూడ్చేటప్పుడు ట్రాక్టరుతో ఒకేసారి నెట్టెయ్యకండి. ఆరంగుళాల పొర, కొద్దిగా నీళ్లు, దిమ్మిసతో దట్టింపు, మళ్లీ పొర. వదులు మట్టి బరువు తక్కువ, వానకి కుంగుతుంది కూడా. వరి పొలం పూడ్చిన స్థలం అయితే మెత్తటి నల్లమట్టి దాటి గట్టి నేల తగిలేదాకా దిగాలి, లోతు ఆరడుగులైనా సరే.

పెడెస్టల్ తలలు కలుపుతూ చుట్టూ 9 బై 12 అంగుళాల ప్లింత్ బీము, నాలుగు 10 మి.మీ. కడ్డీలతో. గోడ బరువుని పునాదికి కట్టిపడేసేది అదే.

యాంకర్ బోల్టులు

ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. ఒక్కో పెడెస్టల్‌కి నాలుగు బోల్టులు, 20 మి.మీ. లావు, రెండడుగుల పొడవు, కింద కొక్కెంలా వంపు, పైన నాలుగంగుళాల మర. మధ్య దూరం 180 మి.మీ. చదరం. స్తంభం అడుగున ఉండే బేస్ ప్లేటు 250 బై 250, మందం 12 మి.మీ. ప్లేటుకి 22 మి.మీ. రంధ్రాలు.

కాంక్రీటు పొయ్యకముందే ఆరు మి.మీ. ప్లైవుడ్ ముక్కకి అవే రంధ్రాలు పెట్టి, బోల్టులు అందులో దూర్చి, పైనా కిందా నట్టు బిగించి, ఆ ప్లైవుడ్‌ని పెట్టె పలకలకి మేకు కొట్టాలి. దారం ఆ ప్లైవుడ్ మీద గీసిన మధ్య గీతకి తగలాలి. మరలకి గ్రీజు పూసి టేపు చుట్టండి. వైబ్రేటర్ పెట్టినప్పుడు బోల్టు కదులుతుంది. పోసిన పది నిమిషాలకి మళ్లీ కొలిచి, పక్క పెడెస్టల్‌కి దూరం చూసి, తేడా ఉంటే అప్పుడే తట్టి సర్దాలి. గంట దాటితే ఎవరి తరమూ కాదు. ఎండాక ఐదు మి.మీ. తేడా కనిపిస్తే ప్లేటు రంధ్రాన్ని కోలగా కోసి, పైన మందం వాషరు వెల్డు చెయ్యండి. బోల్టుని గ్యాసుతో కాల్చి వంచడం మాత్రం వద్దు. కాల్చి వంచిన చోట తెగడానికి సిద్ధంగా ఉంటుంది, చూడ్డానికి మాత్రం బాగానే ఉంటుంది.

ఒక్కో బోల్టుకి ప్లేటు కింద ఒక నట్టు ముందే ఎక్కించి, స్తంభం నిలబెట్టాక పైన రెండు. కింది నట్లతో స్తంభాన్ని తూకం గుండుకి సరిచేసి, ప్లేటు కింద మిగిలిన అంగుళం సందులో నాన్ ష్రింక్ గ్రౌటు (ఎండినా కుంచించుకోని సిమెంటు ముద్ద) నింపాలి. ఆ సందు ఖాళీగా వదిలేసిన షెడ్లు చాలా ఉన్నాయి. అక్కడ నీరు నిలిచి బోల్టు మెడ దగ్గరే తుప్పు మొదలవుతుంది.

కాంక్రీటు

ఎం20 రకం కాంక్రీటు పాళ్లు 1:1.5:3. లోపలి కొలత అడుగు బై అడుగు, లోతు పదిహేను అంగుళాలు ఉండే చెక్క పెట్టె చేసుకోండి. ఒక బస్తా సిమెంటుకి ఆ పెట్టెతో ఇసుక ఒకటిన్నర, 20 మి.మీ. కంకర మూడు, నీళ్లు 25 లీటర్లు. తట్టల లెక్క నమ్మకండి. పొద్దున్న తట్టకీ మధ్యాహ్నం అలిసిపోయాక తట్టకీ పోలికే ఉండదు. ఇసుక తడిగా ఉంటే నీళ్లు తగ్గించాలి. స్నేహితులు కలిసి పోసే చోట నీళ్లే ఎక్కువవుతాయి, జారుడుగా ఉంటే పారకి సులువు కదా! ఆ సులువు బలంలోంచి పోతుంది. మిక్సరూ 40 మి.మీ. నీడిల్ వైబ్రేటరూ అద్దెకి తెచ్చుకోండి, ఒకే రోజులో ఎనిమిది ఫుటింగులూ అయిపోతాయి.

మొత్తం సరుకు: సిమెంటు 120 బస్తాలు (పునాదులకి 30, ప్లింత్ బీముకి 17, నేలకి 57, మిగతాది గోడకీ బెడ్డుకీ). ఇసుక మూడు యూనిట్లు, కంకర నాలుగుంపావు; యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు. కడ్డీ 10 మి.మీ. 130 కిలోలు, 12 మి.మీ. 55, 8 మి.మీ. 90. నాలుగడుగుల ఎత్తు తొమ్మిదంగుళాల గోడకి ఫ్లై యాష్ ఇటుక 3,200. గోడ మీద పైదాకా రేకే వేస్తే సరిపోతుంది. దొంగల భయం ఉంటే ఇటుకే పైదాకా కట్టుకోండి, పునాదికి ఇంకా మంచిదే.

స్తంభాలు, ట్రస్సులు

స్తంభానికి ఐఎస్ఎంబీ 150 (150 మి.మీ. లోతున్న ఐ ఆకారపు ఇనుప దూలం), మీటరుకి 15 కిలోలు. 12 మీటర్ల పొడవున్నవి మూడు కొంటే ఒక్కోదాంట్లో 13 అడుగుల ముక్కలు మూడేసి వస్తాయి, వృథా నాలుగంగుళాలే. ఎనిమిది స్తంభాలు పోను తొమ్మిదో ముక్క మిగులుతుంది, దాచండి, షట్టర్ దగ్గర దానికి పనుంది. స్తంభం లోతు వైపు ట్రస్సు దిక్కుకి ఉండాలి. తిప్పి పెడితే బలం నాలుగో వంతు కూడా మిగలదు.

ట్రస్సు పైకడ్డీ, కిందికడ్డీ 50 బై 50 బై 6 యాంగిల్. లోపలి అడ్డాలు 40 బై 40 బై 5. ఒక్కోటి 90 కిలోల లోపే. యాంగిల్ ఆరు మీటర్ల పొడవులో వస్తుంది, అంటే 19 అడుగుల 8 అంగుళాలు. ఇరవై అడుగుల కిందికడ్డీకి నాలుగంగుళాలు చాలదు! చివర ముక్క అతికించకండి. మధ్య గసెట్ (కడ్డీలు కలిసే చోట వేసే ప్లేటు) దగ్గర రెండు సగాలుగా కలిపి, రెండు పక్కలా 6 మి.మీ. ప్లేటు వెయ్యండి. మామూలుగా కిందికడ్డీ లాగుడులో ఉంటుంది, గాలి కప్పుని లేపినప్పుడు అదే కడ్డీ నొక్కుడులో పడి పక్కకి వంగుతుంది. అందుకే నాలుగు ట్రస్సుల కిందికడ్డీలనీ మధ్యలో పొడవునా ఒక యాంగిల్‌తో కలపాలి. ఈ ఒక్క యాంగిల్ వేసిన షెడ్లు ఈ చుట్టుపక్కల వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మొదటి ట్రస్సుని చదును నేల మీద కొలిచి పూర్తి చేసి, మిగతా మూడూ దాని మీదే పెట్టి అతికించండి. నాలుగూ ఒకే అచ్చులో వస్తాయి. వెల్డింగ్ మాత్రం చేయి తిరిగినవాడే చెయ్యాలి. మిగతా పనులు స్నేహితులు నేర్చుకుంటూ చెయ్యొచ్చు, ఇది కాదు. 3.15 మి.మీ. 6013 రాడ్డు, 6 మి.మీ. అతుకు, చిట్టెం కొట్టి చూసి, ఎర్రరంగు ప్రైమరు.

స్తంభం తల మీద 200 బై 200 బై 10 ప్లేటు, ట్రస్సు కాలికి దాని జత ప్లేటు, నాలుగు 16 మి.మీ. బోల్టులు. స్తంభానికీ ట్రస్సుకీ మధ్య మూలకి ఏటవాలుగా రెండడుగుల మోకాలి అడ్డం.

ట్రస్సు ఎత్తడం

హైడ్రా క్రేను దొరికితే ఒక పూటకి పిలిపించండి, ఇంకేం ఆలోచించొద్దు. బండి వెళ్లలేని సందైతే రెండు 24 అడుగుల సరుగుడు గడలు తల దగ్గర కట్టి కత్తెరలా నిలబెట్టి, ముందూ వెనకా మోకులతో మేకులకి లాగి కట్టి, టన్ను చైన్ పుల్లీ వేలాడదియ్యాలి. ఏడుగురు కావాలి. గొలుసు దగ్గర ఇద్దరు, ట్రస్సు రెండు కొసలకీ కట్టిన తాళ్ల దగ్గర ఒక్కొక్కరు, పరంజాల మీద బోల్టులు పట్టుకుని ఇద్దరు, నేల మీద చేతులు ఖాళీగా చెప్పేవాడు ఒకడు. ఆ ఒక్కడి నోరే మాట్లాడాలి. "బావా, కొంచెం ఎడమకి" అని నలుగురూ అరిస్తే గొలుసు పట్టుకున్నవాడు ఎవరి మాట వింటాడు? కింద ఎవరూ నిలబడకూడదు, హెల్మెట్ లేనివాడు టీ తేవడానికే.

మొదటి ట్రస్సు కూర్చోగానే నాలుగు బోల్టులూ దూర్చి, నడికొప్పు నుంచి రెండు పక్కలకీ మోకులు లాగి కట్టాలి. రెండోది ఎక్కిన వెంటనే రెండింటినీ వాలుకి మూడేసి పర్లిన్లతో కలిపి, ఆ రెండు ట్రస్సుల మధ్య గదిలో ఎక్స్ బ్రేసింగ్ (మూల నుంచి మూలకి ఎక్స్ ఆకారంలో లాగి కట్టే కడ్డీలు) బిగించాలి. ఆ తర్వాతే మూడోది. నాలుగూ నిలబెట్టేసి పర్లిన్లు రేపు వేద్దాంలే అనుకుంటే, రాత్రి గాలికి ఒకటి ఒరిగి పక్కదాన్ని, అది దాని పక్కదాన్ని పడేస్తుంది. బ్రేసింగ్ 16 మి.మీ. కడ్డీ, మధ్యలో బిగించడానికి టర్న్‌బకిల్, రెండు చివరి గదుల్లో కప్పుకీ పక్క గోడలకీ.

పర్లిన్లు, రేకు

సి పర్లిన్ 100 బై 50, 2 మి.మీ. మందం. వాలుకి ఐదు వరసలు, మధ్య దూరం రెండడుగుల తొమ్మిదంగుళాలు. పొడవు 32 అడుగులు, రెండు చివర్లా అడుగేసి బయటికి. కొనేటప్పుడే 11, 21 అడుగుల ముక్కలుగా కోయించుకుంటే అతుకు సరిగ్గా ట్రస్సు మీద పడుతుంది. ఒక వరసలో ఆ చివర, పక్క వరసలో ఈ చివర వచ్చేలా మార్చండి. ట్రస్సుకి వెల్డు కాకుండా యాంగిల్ ముక్క, రెండు 12 మి.మీ. బోల్టులు. పలచటి పర్లిన్‌ని వెల్డు చేస్తే రాడ్డు దాన్ని కొరికేస్తుంది.

రేకు 0.5 మి.మీ. రంగు రేకు, 12 అడుగుల పొడవు, ఒక్కోటి మీటరు కప్పుతుంది. వాలుకి పది, మొత్తం ఇరవై. చూరు అడుగు మించొద్దు. నీడ కోసం మూడడుగుల చూరు పెడితే గాలికి అది పట్టుకునే పిడి అవుతుంది.

జె హుక్కులు వద్దు. గాలికి రేకు గంటల తరబడి టపటపా కొట్టుకుంటే హుక్కు చుట్టూ రేకు అలిసి చీలుతుంది. 1974లో ఆస్ట్రేలియాలోని డార్విన్‌ని ట్రేసీ తుఫాను తుడిచిపెట్టాక కప్పులు పరిశీలించినవాళ్లకి దొరికిన కారణం ఇదే. స్క్రూ ఊడిరాలేదు, స్క్రూ చుట్టూ రేకే చిరిగింది. కాబట్టి సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు, 55 మి.మీ., రబ్బరు వాషరుతో, రేకు మిట్ట మీద. చూరు వరసలోనూ నడికొప్పు వరసలోనూ ప్రతి మిట్టకీ ఒకటి. రెండు చివరి రేకులకి అన్ని పర్లిన్ల మీదా ప్రతి మిట్టకీ. మధ్యలో ఒక మిట్ట వదిలి ఒకటి. లెక్క 400, 500 కొనండి. ఆ అంచు వరసల్లో వాషరు కింద పెద్ద సైక్లోన్ వాషరు కూడా వెయ్యండి. రేకు మీద రేకు ఎక్కే చోట అడుగున్నరకి ఒక చిన్న స్టిచ్ స్క్రూ, మొత్తం 150.

స్క్రూ ఎంత బిగించాలో వాషరే చెబుతుంది. రబ్బరు లోహపు అంచు కింద నుంచి సన్నని గీతలా కనిపిస్తే సరి. రబ్బరు ఉబ్బి బయటికి వచ్చిందంటే ఎక్కువైంది, రెండు వేసవుల్లో పగిలి కారుతుంది. వాషరు వేలితో తిరుగుతుంటే తక్కువైంది. డ్రిల్లుకి క్లచ్ పెట్టుకుంటే చెయ్యి అలిసినా బిగింపు మారదు. సాయంత్రం దిగేముందు రేకు మీద పడ్డ ఇనుప రజను మెత్తటి చీపురుతో ఊడవండి. రాత్రి మంచు చాలు, తెల్లారేసరికి కొత్త రేకు మీద తుప్పు చుక్కలు లేస్తాయి.

షట్టర్

షట్టర్ 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. తుఫానులో షెడ్డు పోయేది ఎక్కువగా ఇక్కడి నుంచే. షట్టర్ లోపలికి వంగి గైడు (పక్కన అది జారే గాడి) లోంచి ఊడితే గాలి లోపల నిండి కప్పుని కింద నుంచి కూడా తోస్తుంది. మధ్య స్తంభం లాగుడు టన్నున్నర నుంచి రెండు టన్నులు దాటుతుంది, పునాది లెక్క అంచుకి వచ్చేస్తుంది. గైడు మూడంగుళాల లోతు అడగండి, మామూలుగా ఇచ్చేది అంతకన్నా తక్కువ. పట్టీల చివర, గాలికి గైడులోంచి జారకుండా పట్టే విండ్ లాక్ ఉండాలి. గైడుని ఇటుక గోడకి కాకుండా ట్రస్సు దాకా వెళ్లే 100 మి.మీ. ఛానెల్ స్తంభాలకి వెల్డు చెయ్యండి.

దాచిన తొమ్మిదో ముక్క ఇప్పుడు బయటికి తియ్యండి. షట్టర్ మధ్యలో లోపలి వైపు నిలబెట్టడానికి నేలలో అడుగు లోతు సాకెట్, 20 మి.మీ. పిన్ను, పైన బీముకి రెండు బోల్టులు. ముక్కని ఆ ఎత్తుకి కోసుకుని గోడ వారగా ఉంచుకుంటే, తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు ఇద్దరు పది నిమిషాల్లో నిలబెడతారు.

నేల, కరెంటు

నేలని కప్పు వేశాకే పొయ్యండి, నీడలో కాంక్రీటు చక్కగా నానుతుంది. దట్టించిన మొరం మీద ప్లాస్టిక్ పట్టా, ఐదంగుళాల ఎం20, షట్టర్ వైపు రెండంగుళాల వాలు. మర్నాటికల్లా పదేసి అడుగుల గదులుగా అంగుళంపావు లోతు గాట్లు కోయించండి. కోయకపోతే నేలే తనకి నచ్చిన చోట పగులుతుంది. పీపీసీ సిమెంటు అయితే కనీసం పది రోజులు నీళ్లు కట్టాలి. బండి కింద పని చేసే గుంత ఈ పక్క మేం చెప్పం. వంశధార వారన వానాకాలం నీరు ఊరుతుంది, పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు కాబట్టి గుంతలోనే చేరుతుంది. రెండు ర్యాంపులు చేసుకుంటే ఆ గొడవే ఉండదు.

200 ఆంపుల ఇన్వర్టర్ వెల్డింగ్ మిషనుకి విడిగా 6 చదరపు మి.మీ. రాగి తీగ, 32 ఆంపుల సి రకం ఎంసీబీ. మిగతా సాకెట్లన్నీ, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ మీద, నేలకి నాలుగడుగుల ఎత్తున. మూడు మీటర్ల జీఐ పైపుతో ఎర్త్ గొయ్యి, అక్కడి నుంచి ఒక పట్టీ స్తంభానికి కూడా. ఇనుప షెడ్డులో తీగ తొక్క ఒక్క చోట ఊడినా షెడ్డు మొత్తానికి కరెంటు వస్తుంది.

ఏటా సెప్టెంబరులో, వాన తెరిపిచ్చిన రోజు చూసుకుని, ఒకడు పైకెక్కి చూరు వరస స్క్రూలు చేత్తో తాకి చూడాలి, ఇంకొకడు కింద యాంకర్ నట్లు పానా వేసి చూడాలి. తుప్పు పట్టిన స్క్రూ తీశాక అదే సైజు మళ్లీ వేస్తే ఆ రంధ్రంలో పట్టదు. ఒక సైజు లావుది వెయ్యండి.